వెతానో అంటే ఏ వారం? నైరోబీలో చెప్పించుకున్న కిమేరు పాఠాలపై సమీక్ష

కెన్యాలో మేరు ప్రజలు మాట్లాడే భాషను కిమేరు అంటారు. నైరోబీలో ఆ భాషను నేర్పే ఒక చిన్న శిక్షణ సంస్థ దగ్గర నేను పన్నెండు వారాల పాటు పాఠాలు చెప్పించుకున్నాను. వారానికి రెండుసార్లు, గంట చొప్పున ఆన్‌లైన్‌లో పాఠం ఉండేది. చివరలో మేరు ప్రాంతంలోనే ఒక కుటుంబంతో రెండు రోజుల బస కూడా అదే రుసుములో కలిసి ఉంది. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. మెచ్చుకోవలసిన విషయాలతో పాటు కొన్ని ఫిర్యాదులు కూడా చెప్పబోతున్నాను, అవి ఒక్క విద్యార్థి అనుభవం నుంచి వచ్చినవి కనుక పేరు పెట్టి రాయడం న్యాయం కాదని నా అభిప్రాయం. తూర్పు ఆఫ్రికాలో ఉద్యోగాలు చేస్తూ, అక్కడ ఉమ్మడిగా వాడే స్వాహిలీ భాషతో ఆగిపోకుండా తాము తిరిగే ప్రాంతపు భాష నేర్చుకోవాలని అనుకునే తెలుగువారికి, ఇలాంటి పాఠాల్లో ఏం దొరుకుతుందో, చేరే ముందు ఏం అడగాలో ఈ సమీక్ష చెబుతుందని ఆశిస్తున్నాను.

నాది అనంతపురం జిల్లా. మేరు కౌంటీ రైతుల పొలాల్లో డ్రిప్ లైన్లు వేయించడం, వాటిని ఎలా చూసుకోవాలో నేర్పడం నా ఉద్యోగం. అక్కడ స్వాహిలీతో, ఇంగ్లీషుతో పని నడిచిపోతుంది. కాని రైతుల సమావేశంలో నేను స్వాహిలీలో ఒక ప్రశ్న అడిగితే ముందు వరుసలోని మగవాళ్లు స్వాహిలీలో జవాబు చెప్పేవారు, వెనక బెంచీల మీద కూర్చున్న ఆడవాళ్లు అదే ప్రశ్న మీద తమలో తాము కిమేరులో అయిదు నిమిషాలు మాట్లాడుకునేవారు. పొద్దున్నే వాల్వు తిప్పేదీ, మట్టి చేరి డ్రిప్పర్ మూసుకుపోతే ముందుగా గమనించేదీ ఆ ఆడవాళ్లే. ఆ అయిదు నిమిషాల మాట నా చెవిన పడుతూనే నాకు అందకుండా పోవడం రెండేళ్లు భరించాను. పాఠాల్లో చేరడానికి కారణం అంతకంటే వేరే ఏమీ లేదు.

మేరు అన్న మాట వినగానే మనకు పురాణాల్లోని మేరు పర్వతం తలపుకు వస్తుంది, కాని ఈ పేరుకు దానితో సంబంధం లేదు. టాంజానియాలో మేరు అనే కొండ ఒకటి ఉంది. దాని పాదాల దగ్గర ఉండేవారినీ మేరు ప్రజలనే పిలుస్తారు, కాని వారి భాష కిలిమంజారో కొండ చుట్టుపక్కల మాట్లాడే చాగా భాషలకు దగ్గరిది. నేను చెబుతున్నవారు కెన్యా పర్వతానికి తూర్పున, ఈశాన్యాన ఉన్న వాలుల్లో, భూమధ్యరేఖకు అటూ ఇటూ ఉండే ప్రజలు. తమను తాము అమేరు అనుకుంటారు, తమ ఊళ్లకు పైన మంచుతో కనిపించే ఆ పర్వతాన్ని కిరిమారా అంటారు. 2019 జనగణనలో మేరులుగా నమోదైనవారు సుమారు 19 లక్షల 76 వేల మంది. ఇమెంటి, తిగానియా, ఇగెంబె, ఇగోజి, మ్వింబి, ముథాంబి, చుకా, థరాకా అని వారిలో శాఖలు ఉన్నాయి. 2010 రాజ్యాంగం ఏర్పరచిన 47 కౌంటీల్లో మేరు, థరాకా-నితి అనే రెండింటిలో వీరు ఎక్కువగా ఉన్నారు. భాష ఆఫ్రికాలోని బాంటు భాషా కుటుంబానికి చెందినది. కికుయు, ఎంబు, కాంబా భాషలు దానికి దగ్గరి చుట్టాలు. కికుయులో మనిషిని "ముందు" అంటే కిమేరులో "ముంతు" అంటారు, అక్కడ మనుషులు "అందు" అయితే ఇక్కడ "అంతు". ఒకటి తెలిసినవారికి రెండోది సగం తెలిసినట్టే ఉంటుంది, కాని ఆ సగమే అప్పుడప్పుడు తప్పుదారి పట్టిస్తుంది.

మాకు పాఠం చెప్పినావిడ దక్షిణ ఇమెంటికి చెందిన విశ్రాంత ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని. ఆమెను అందరిలాగే నేనూ మ్వాలిము, అంటే టీచరు, అనే పిలిచాను. ఈ సేవకు నేను ఇచ్చే మార్కుల్లో ఎక్కువ భాగం ఆమెకే చెందుతాయి. మొదటి రోజు ఆమె అక్షరాలతో మొదలుపెట్టలేదు, పలకరింపుతో మొదలుపెట్టింది. రోమన్ లిపిలో రాసిన ఆ పలకరింపును మన లెక్కన చదివితే "మూగ" అని వస్తుంది. మేరు ప్రాంతంలో అందరూ వినే ఒక రేడియోకు కూడా మూగ ఎఫ్.ఎం. అనే పేరు ఉంది. మాట లేనివారికి మనం వాడే పదం అక్కడ మాట మొదలుపెట్టే పదమైందని చెప్పినప్పుడు ఆమె దాన్ని తన పుస్తకంలో రాసుకుంది, తరువాతి పాఠంలో తెలుగులో పలకరింపు ఏమిటో అడిగి తెలుసుకుంది. విద్యార్థి భాష గురించి ఇంత ఆసక్తి చూపే ఉపాధ్యాయులు నాకు ఎక్కువగా తటస్థపడలేదు.

రెండో వారంలో ఆమె పేర్లతో ఒక పాఠం చెప్పింది. నా దృష్టిలో పన్నెండు వారాల్లోనూ అదే ఉత్తమమైన పాఠం. బోర్డు మీద ఒక వైపు కిమాథి, కిరిమి, కరిమి, కినోతి, కెండి అని రాసింది. రెండో వైపు గితోంగా, గత్విరి, గకీ అని రాసింది. ఇవన్నీ మేరు ప్రాంతంలో రోజూ వినిపించే పేర్లు. వాటిలో కొన్ని "క"తోనూ, కొన్ని "గ"తోనూ ఎందుకు మొదలవుతున్నాయో కనిపెట్టమని మాకు పది నిమిషాలు ఇచ్చింది. పేరు మొదట వచ్చే ఉపసర్గ నిజానికి రెండు వైపులా ఒకటే, అది "కి" లేదా "క". కాని దాని వెంటనే వచ్చే అక్షరం త, క, చ వంటి పరుషమైతే ముందున్న "క" మెత్తబడి "గ" అవుతుంది. అందుకే కి-మేరు అలాగే ఉండిపోతుంది, చుకా వారి భాష మాత్రం గిచుకా అవుతుంది. పక్కింటి కికుయులు కూడా తమ భాషను గికుయు అనేది ఇందుకే. భాషాశాస్త్రవేత్తలు దీనిని డాల్ సూత్రం అంటారు. నాకు వెంటనే బడిలో చదివిన గసడదవాదేశం గుర్తుకు వచ్చింది. "వాడు కొట్టె" అన్నది "వాడు గొట్టె" అయినప్పుడు మన దగ్గరా పరుషమే మెత్తబడుతుంది. అయితే మనకు ముందున్న పదం చివర వల్ల ఆ మార్పు వస్తే, వారికి వెనక రాబోయే అక్షరం వల్ల వస్తుంది. ఆ రోజు నుంచి నేను రైతుల హాజరు పట్టీ చదువుతుంటే పేర్లు వాటంతట అవే విడివడి కనిపించడం మొదలైంది. కిరిమి, కరిమి అనే పేర్లలో ఉన్నది పొలం తవ్వి సేద్యం చేయడాన్ని చెప్పే ధాతువేననీ, మురిథి అంటే పశువులు కాసేవాడనీ, ముథోమి అంటే చదువుకునేవాడనీ, మకేనా అంటే సంతోషంగా ఉండేదనీ తెలిసిన తరువాత ఆ పట్టీలో మనుషులు కనబడ్డారు.

సంఖ్యల పాఠం కూడా అదే స్థాయిలో ఉంది. బాంటు భాషల్లో నామవాచకాలు తరగతులుగా ఉంటాయి, విశేషణమూ సంఖ్యా క్రియా ఆ తరగతిని అనుసరించి మారుతూ పోతాయి. పుస్తకాల్లో ఈ సంగతి చదివితే పట్టికలు చూసి భయం వేస్తుంది. మ్వాలిము నన్ను ముందు తెలుగులో లెక్కపెట్టమని అడిగింది. నేను "రెండు చెట్లు, ఇద్దరు మనుషులు" అనగానే ఆపి, "రెండు ఎందుకు మారింది?" అని అడిగింది. మనుషులకు వేరు, మిగతా వాటికి వేరు అని చెప్పాను. "మీరు రెండు గదుల్లో సర్దిన దాన్ని మేము ఎక్కువ గదుల్లో సర్దాము, అంతే తేడా" అంది. ఒక మనిషి ముంతు ఉమ్వె, ఇద్దరు మనుషులు అంతు బైరి, చెట్ల దగ్గరకు వెళితే రూపం మళ్లీ వేరు. ఇద్దరు, ముగ్గురు అని పుట్టినప్పటి నుంచి తడబడకుండా అంటున్న నాలుకకు ఇది కొత్త విద్య కాదని తెలియడం నాకు గొప్ప ధైర్యం ఇచ్చింది. తెలుగువారు ఎవరైనా ఏ బాంటు భాష నేర్చుకోబోతున్నా ఇక్కడి నుంచే మొదలుపెట్టమని చెబుతాను.

ఇక లోపాలు. మొదటిది అచ్చుల సంగతి. కిమేరులో ఏడు అచ్చులు ఉన్నాయి. అ, ఇ, ఉ, ఎ, ఒ కాక, ఇ-ఎ ల మధ్య ఒకటి, ఉ-ఒ ల మధ్య ఒకటి ఉంటాయి. వాటిని రోమన్ ఐ, యు అక్షరాల మీద చిన్న అల గీత పెట్టి రాస్తారు. వాటి ఉచ్చారణ మన చెవికి ఎ, ఒ లకు దగ్గరగా తోస్తుంది. సంస్థ పంపిన పాఠ్యపత్రాల్లో ఆ గీతలు ఒక్క చోట కూడా లేవు. నా ఉద్యోగానికి మొట్టమొదట కావలసిన మాట నీళ్లు. పత్రంలో చూసి దాన్ని నేను "రూజి" అని చదివి, పొలాల్లో అలాగే వాడాను. మూడు వారాల తరువాత మ్వాలిము నోట విన్నప్పుడు అది "రోజె"కు దగ్గరగా ఉంది. చెట్టును నేను "ముతి" అంటుంటే ఆమె "మొతె" లాగా పలికింది. ఇంతకాలం ఆ ఆడవాళ్లు నా మాటకు ఎందుకు ఒక్క క్షణం ఆగి తలూపారో అప్పుడు అర్థమైంది. చాలామంది మేరులు తాము రాసేటప్పుడు గీతలు పెట్టరు, వారికి అవసరం లేదు, ఎందుకంటే మాట ముందే తెలుసు. కొత్తగా నేర్చుకునేవాడికి ఆ గీతే దారి చూపాలి. సంస్థను అడిగితే టైపు చేయడం కష్టమని జవాబు వచ్చింది. ఆ తరువాత నేను పత్రాలన్నిటినీ తెలుగు లిపిలోకి రాసుకున్నాను. ఎ, ఒ గుణింతాల కింద చుక్క పెట్టి ఆ రెండు అచ్చులను గుర్తించాను. హల్లుల వరకు మన లిపి ఎంతో చక్కగా సరిపోయింది. స్వరం ఎత్తు పల్లాలను మాత్రం కిమేరు మామూలు రాతలో గుర్తించరు, వాటిని చెవితో పట్టుకోవలసిందే. అందుకోసం పాఠాలను రికార్డు చేసి ఇవ్వమని కోరాను, ఆ కోరిక చివరి వరకు తీరలేదు.

రెండో లోపం వల్ల నాకు ఒక రోజంతా పోయింది. ఏడో వారంలో ఒక రైతు సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, డ్రిప్పర్లు తీసుకుని "వెతానో" నాడు రమ్మంది. ఆవిడ పెద్దావిడ, స్వాహిలీ తక్కువ. తానో అంటే అయిదు అని నాకు స్వాహిలీ వల్ల తెలుసు, స్వాహిలీలో జుమతానో అంటే బుధవారం. బుధవారం తెల్లవారుజామున నైరోబీలో బయలుదేరి, ఎంబు, చుకా మీదుగా రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, వారు చెప్పిన చర్చి ఆవరణకు చేరాను. అక్కడ ఎవరూ లేరు. గేటు పక్కన మేకలు మేపుతున్న ఒక కుర్రవాడు నా చేతిలోని పెట్టెలు చూసి, సమావేశం ఇజుమా నాడు, అంటే శుక్రవారం అని స్వాహిలీలో చెప్పాడు. కార్యదర్శికి ఫోన్ చేస్తే ఆవిడ ఎంతో నొచ్చుకుని, పొలం నుంచి నడిచి వచ్చి, టీ ఇచ్చి పంపింది. తప్పు ఆవిడది కాదు.

సంగతి ఏమిటంటే, స్వాహిలీ వారు వారాన్ని శనివారం నుంచి లెక్కపెడతారు. శుక్రవారం ప్రార్థన రోజు కాబట్టి దాని మర్నాడు జుమమోసి, అంటే ఒకటో రోజు. ఆ లెక్కన అయిదోది బుధవారం. కిమేరులో లెక్క సోమవారం నుంచి మొదలవుతుంది. సోమవారం మురముకో, తరువాత వైరి, వెతాతు, వెనా, వెతానో అని రెండు నుంచి అయిదు వరకు సంఖ్యలే పేర్లుగా నడుస్తాయి. అందువల్ల అయిదోది శుక్రవారం అవుతుంది. శనివారానికి మాత్రం స్వాహిలీ నుంచి జుమమోసి అనే మాటనే తెచ్చుకున్నారు. అంటే మేరు పల్లెలో అయిదో రోజు గడిచిన మర్నాడు ఒకటో రోజు వస్తుంది, ఆదివారం కియుమియా. వారాలకు గ్రహాల పేర్లు పెట్టుకుని, తిథులను మాత్రం విదియ, తదియ, చవితి అని లెక్కపెట్టే మనకు ఇందులో వింత ఏమీ ఉండకూడదు. కాని సంస్థ పాఠ ప్రణాళికలో వారాల పేర్లు తొమ్మిదో వారంలో ఉన్నాయి. అంతకు ముందు మూడు పాఠాలు ఇంట్లోని వస్తువుల పేర్లకు కేటాయించారు. ఆ పల్లెల్లో పని చేసేవారికి సంత రోజు, సమావేశం రోజు మొదటి వారంలోనే తెలియాలి. ముఖ్యంగా స్వాహిలీ వచ్చినవారు ఎక్కడ పొరబడతారో ముందే హెచ్చరించాలి. జరిగింది చెప్పగానే మ్వాలిము మర్నాడు ఉదయం అదనంగా అరగంట కేటాయించి, రెండు భాషల వారాలను పక్కపక్కన చేత్తో రాసి ఫొటో తీసి పంపింది. ఆ కాగితం ఇప్పటికీ నా వాహనంలో అద్దం వెనక ఉంది.

మూడోది అన్నిటికంటే పెద్దది. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సంస్థ తన ప్రకటనలో "కిమేరు నేర్పుతాం" అని మాత్రమే రాసింది. నేర్పినది ఇమెంటి వారి కిమేరు. అది తప్పు అనడం లేదు. మేరు పట్టణం, న్కుబు చుట్టుపక్కల మాట్లాడేది అదే, పుస్తకాల్లో ఎక్కువగా అచ్చయినదీ అదే. 1912లో మెథడిస్టు క్రైస్తవ మిషన్ మేరు పట్టణం దగ్గరి కాగాలో స్థిరపడడం, ఆ చుట్టుపక్కల మాట మీద ఆధారపడి రాతభాష పెరగడం దానికి కారణం. మ్వింబి ప్రాంతంలోని చొగోరియాకు స్కాటిష్ మిషన్ వచ్చింది ఆ తరువాత పదేళ్లకు, 1922లో. అయితే నా కొత్త పని ఇగెంబెలో, మవువా చుట్టుపక్కల ఊళ్లలో పడింది. అది నమిలితే ఉత్తేజమిచ్చే మిరా అనే మొక్క పండే సీమ. పచ్చి కొమ్మల్ని తుంచి, కట్టలు కట్టి, వాడిపోకుండా అరటి ఆకుల్లో చుట్టి, పికప్ వాహనాల్లో నైరోబీకి పరుగులు పెట్టించే పంట అది. 2014లో బ్రిటన్ దాన్ని నిషేధించిన తరువాత ఒకే పంటను నమ్ముకోవడానికి జంకి, కొంత చేనులో కూరగాయలు పెట్టాలని చూసే రైతులు నా దగ్గరకు వస్తున్నారు. అక్కడి మొదటి సమావేశంలో నేను ఎంతో జాగ్రత్తగా కూర్చుకున్న నాలుగు వాక్యాలు వారికి పూర్తిగా అర్థమయ్యాయి. వారు మాట్లాడింది నాకు సగం కూడా అర్థం కాలేదు. ఒక పెద్దాయన ఆప్యాయంగానే, "నీది ఇమెంటి మాట" అన్నాడు.

మా అనంతపురం మాట విని కోస్తా బంధువులు చిన్నప్పుడు నన్ను రెండోసారి చెప్పమనేవారు. బెజవాడ రేడియో వార్తలతో తెలుగు నేర్చుకున్న ఒక విదేశీయుణ్ణి ఆదిలాబాద్ పల్లెలో కూర్చోబెడితే అతనికి కలిగే ఇబ్బంది ఏమిటో నాకు తెలుసు. మేరులో ఈ దూరాలు ఇంకా ఎక్కువ. చుకా, మ్వింబి-ముథాంబి, థరాకా మాటలను భాషాశాస్త్రవేత్తలు చాలామంది వేరు వేరు భాషలుగానే లెక్కిస్తారు, వాటికి అంతర్జాతీయ జాబితాలో వేరు వేరు గుర్తులు కూడా ఉన్నాయి. జనగణనలో థరాకా వారి లెక్క మేరుల లెక్కతో కలపకుండా విడిగా ఉంటుంది. దక్షిణాన చుకా వారి మాట ఎంబు వైపు మొగ్గుతుంది. ఇంత వైవిధ్యం ఉన్న చోట ఒకే పేరు కింద ఒక శాఖ మాటను అమ్మడం, అడగనిదే ఆ సంగతి చెప్పకపోవడం సరైన పద్ధతి కాదు. మ్వాలిమును అడిగితే ఆమె మొదటి రోజే చెప్పి ఉండేది. నేను అడగలేదు, ఎందుకంటే అడగాలని తెలియదు. చేరేవారికి నా సలహా ఒక్కటే. ఏ ఊళ్లో పని చేస్తారో చెప్పి, ఆ ఊరి మాట మాట్లాడే ఉపాధ్యాయులు ఉన్నారా అని డబ్బు కట్టకముందే అడగండి.

చివరి రెండు రోజుల బస న్కుబు దగ్గర ఒక టీ తోట పక్కనున్న ఇంట్లో జరిగింది. మొదటి పూట మేరు పట్టణంలోని మ్యూజియానికి తీసుకెళ్లారు. 1916లో జిల్లా కమిషనర్ కార్యాలయంగా కట్టిన రాతి భవనం అది. 1974 నుంచి మ్యూజియంగా నడుస్తోంది. ఆవరణలో సంప్రదాయ గుడిసెలు ఉన్నాయి, వాటిలో ఏ భాగం ఎవరిదో మ్వాలిము కిమేరులోనే చెప్పింది. కాని నా మనసులో ఎక్కువగా నిలిచింది ఆ ఇంటి వంటగది. ఇంటి అవ్వ చాట నిండా నల్లటి గింజలు పోసుకుని ఏరుతోంది. కెన్యాలో వాటిని న్జాహి అంటారు. నల్లటి గింజ అంచున తెల్లటి గీత చూడగానే నేను గుర్తుపట్టాను, అవి మా అనపగింజల జాతివే. మా ఇంట్లో నానబెట్టి, వేళ్ల మధ్య పిసికి, తొక్క తీసి పితికిపప్పు చేస్తామని వచ్చిన కొద్దిపాటి కిమేరులో చెప్పబోయి, సగంలో మాట దొరకక, గిన్నెలో నానుతున్న గింజ ఒకటి తీసుకుని పితికి చూపించాను. అవ్వ దాన్ని చూసి, తనూ ఒకటి తీసుకుని పితికింది. తొక్క ఒక వైపు, పప్పు ఒక వైపు పడ్డాయి. ఆ తరువాత అరగంట సేపు ఇద్దరం అదే పని చేశాం. ఆమె ప్రతి వస్తువు పేరూ చెబుతూ పోయింది, తప్పు పలికితే తల అడ్డంగా ఊపి మళ్లీ చెప్పించింది. ఆ రోజు నేర్చుకున్న మాటలు ఒక్కటి కూడా మరచిపోలేదు. రాత్రికి బంగాళాదుంప, మొక్కజొన్న, ఆకుకూర కలిపి మెదిపిన ముకిమో వండారు. ఉదయం రాగి జావ ఇచ్చారు. రాగులు మన దేశానికి ఈ ఖండం నుంచే వచ్చాయి. మా సీమలో సంగటి తినేవాళ్లకు ఆ జావ రుచిని వర్ణించి చెప్పనవసరం లేదు.

రాత్రి మూడు రాళ్ల పొయ్యి పక్కన ఆ ఇంటి పెద్దాయన తమ పూర్వీకుల కథ చెప్పాడు. సముద్రం దగ్గర మ్బ్వా అనే చోట ఎర్ర బట్టల మనుషుల కింద నలిగిన తమవారు, ఒక రాత్రి నీరు దాటి బయటపడ్డారని అమేరు చెప్పుకుంటారు. చీకట్లో దాటినవారు న్జిరు, అంటే నల్లవారు. తెల్లవారే వేళ ఎర్రని వెలుగులో దాటినవారు న్తునే, అంటే ఎర్రవారు. పగటి వేళ దాటినవారు న్జెరు, అంటే తెల్లవారు. వంశాలను ఆ మూడు రంగుల కింద లెక్కపెట్టుకునే సంప్రదాయం అక్కడి నుంచి వచ్చిందట. అయిదో వారంలో రంగుల పాఠంలో ఈ మూడు మాటలను నేను చొక్కాల మీద, మేకల మీద అభ్యాసం చేశాను. ఆ పాఠంలోనే ఈ కథ చెప్పి ఉంటే మాటలతో పాటు మనుషులూ గుర్తుండేవారని మ్వాలిముతో అన్నాను. కథలు పెద్దలు పొయ్యి దగ్గర చెప్పాలి, పాఠంలో చెబితే పరీక్ష అయిపోతుందని ఆమె జవాబు చెప్పింది. ఆమె మాటలో నిజం ఉందనిపించింది.

అదే రాత్రి ఆమె తన చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పింది. బడిలో కిమేరు మాట్లాడిన పిల్లల మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవారట. సాయంత్రం అది ఎవరి మెడలో ఉంటే వారికి దెబ్బలు. కెన్యాలో ఆ తరం వారు చాలామంది ఇదే చెబుతారు. తెలుగులో మాట్లాడితే జరిమానా వేసే ఇంగ్లీషు మీడియం బడుల సంగతి నేను చెప్పాను. అందుకే కాబోలు, పాఠంలో మేము తప్పు మాట్లాడినప్పుడు ఆమె ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు, సరైన మాటను తానే మెల్లగా మళ్లీ అనేది.

రుసుము విషయానికి వస్తే, గంటకు 900 షిల్లింగుల చొప్పున ఎం-పెసా అనే మొబైల్ చెల్లింపు సేవ ద్వారా నెలనెలా కట్టాను. బసకు, భోజనానికి విడిగా ఏమీ అడగలేదు. ఇలాంటి పాఠానికి ఇది ఎక్కువ కాదు. నాలుగుసార్లు పాఠం వేళ చివరి గంటలో మార్చారు, కాని మారిన పాఠం ఎగ్గొట్టలేదు. కార్యాలయం నుంచి సందేశాలకు జవాబు రావడానికి రెండు మూడు రోజులు పట్టేది. ఉపాధ్యాయినికి అయిదుకు అయిదు, పాఠ్యపత్రాలకు రెండు, నిర్వహణకు రెండున్నర ఇస్తాను.

ఇప్పుడు వెనక బెంచీల మాటలు నాకు పూర్తిగా అర్థమవుతున్నాయని చెప్పలేను. కాని పోయిన నెల న్కుబు వైపు ఒక సమావేశంలో, ఎగువన ఉన్న పొలాల వారు ఉదయం పూట నీళ్లన్నీ తిప్పేసుకుంటున్నారని ఇద్దరు ఆడవాళ్లు తమలో తాము అనుకోవడం నాకు అందింది. నేను అటు తిరిగి, వంతు ఏ రోజుకు మార్చమంటారని కిమేరులోనే అడిగాను. ఒకావిడ "వెనా" అంది. గురువారం అని ఈసారి సరిగ్గానే రాసుకున్నాను. తరువాతి విడతకు ఇగెంబె మాట మాట్లాడే ఉపాధ్యాయులు కావాలని సంస్థకు రాశాను. మవువాకు చెందిన ఒకాయనను కుదిర్చామని, మొదటి పాఠం వైరి నాడు సాయంత్రం ఆరు గంటలకని వారి నుంచి జవాబు వచ్చింది. డబ్బు కట్టేశాను.